35 వేలలో రోడ్ బైక్, ఆన్‌లైన్‌లో కొనొచ్చా? (బెంగళూరు)

కావలి_కుర్రాడు:
అందరికీ నమస్తే. నేను మారతహళ్లిలో ఉంటాను, ఆఫీసు బెల్లందూరులో. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మా టీములో ఒకాయన సైకిల్ మీద వచ్చి మాకన్నా ముందే సీట్లో కూర్చుని ఉంటున్నాడు, అది చూశాక నాక్కూడా పట్టుకుంది. వారంలో మూడు నాలుగు రోజులు ఆఫీసుకి, ఆదివారం హొసకోటె వైపు, కొన్నాళ్లయ్యాక నంది కొండ కూడా ఎక్కాలని ఉంది. బడ్జెట్ మొత్తం 35 వేలు. హెల్మెట్, లైట్లు, తాళం అన్నీ అందులోనే రావాలి.

ఒక సైట్‌లో సేల్ నడుస్తోంది. డ్రాప్ హ్యాండిల్ (కొసలు కిందికి వంగి ఉండేది) రోడ్ బైక్, 21 గేర్లు, రెండు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, "షిమానో గేర్లు" అని పెట్టి 15 వేలు అంటున్నారు. డెకాత్లాన్ వాళ్ల రోడ్ బైక్ ట్రైబన్ చూస్తే దానికి రెట్టింపు దాకా ఉంది, గేర్లేమో తక్కువ. తక్కువ గేర్లకి ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలో నాకైతే అర్థం కాలేదు. నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. ఆ సేల్ సైకిల్‌కి సైజు ఒకటే ఉంది, అందరికీ సరిపోతుందని రాశారు. సేల్ ఆదివారంతో అయిపోతుంది, కొంచెం త్వరగా చెప్పండి ప్లీజ్. మా నాన్న "సైకిల్‌కి అంత డబ్బా" అంటున్నారు, ఆయనకి చెప్పడానికైనా ఏదో ఒక కారణం కావాలి.

పెడల్_రావు:
సేల్ పోతే పోనీ తమ్ముడూ, అలాంటివి నెలకొకటి వస్తూనే ఉంటాయి, దాని కోసం టెన్షన్ పడకు.

21 గేర్లంటే ముందు 3 పళ్ల చక్రాలు, వెనక 7, మూడేళ్లు ఇరవై ఒకటి, అంతే. అందులో చాలా కాంబినేషన్లు ఒకదానికొకటి ఇంచుమించు ఒకేలా తగులుతాయి, కాబట్టి ఆ సంఖ్య చూసి మోసపోకు. "షిమానో గేర్లు" అని రాసి మోడల్ పేరు రాయలేదంటే నాకు అనుమానమే, వెనక డీరేలర్ (చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపేది) ఒక్కటి షిమానోలో అన్నిటికన్నా కిందిది వేసి, షిఫ్టర్లు (గేరు మార్చే మీటలు), క్రాంకు (పెడళ్లు తగిలించే కడ్డీ), బ్రేకులు పేరూ ఊరూ లేనివి పెట్టడం మామూలే. రోడ్ సైకిళ్లలో షిమానో వరస ఇలా ఉంటుంది: టర్నీ 7 స్పీడు (అంటే వెనక 7 పళ్ల చక్రాలు), క్లారిస్ 8, సోరా 9, టియాగ్రా 10, ఆ పైన 105. పేజీలో ఈ పేర్లలో ఏదీ కనిపించకపోతే వదిలెయ్. ఇంకోటి, ఫొటో పెద్దది చేసి గేరు మార్చే మీట ఎక్కడుందో చూడు. బ్రేక్ లీవర్‌లోనే కలిసి ఉంటే చెయ్యి తియ్యకుండా మార్చొచ్చు. హ్యాండిల్ మధ్యలో స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్క) మీద ఉంటే, ఫ్లైఓవర్ ఎక్కుతూ పక్కన బీఎంటీసీ బస్సు రాసుకుపోతున్నప్పుడు నువ్వు ఒంటి చేత్తో పట్టుకుని గేరు మార్చాలి. నీ రూటులో అది రోజూ ఉంటుంది.

వెనక చక్రం కూడా అడుగు. చవక సైకిళ్లలో పళ్ల చక్రాలు ఫ్రీవీల్ అనే ఒకే ముక్కగా హబ్ (చక్రం మధ్య భాగం) మీద స్క్రూ లాగా తిరిగి బిగుసుకుంటాయి, దానివల్ల కుడివైపు బేరింగు బాగా లోపలికి పోయి యాక్సిల్‌కి (ఇరుసుకి) ఆ చివర ఆసరా ఉండదు. మన గుంతల్లో నాలుగుసార్లు ధబేలుమని పడితే అక్కడే వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది కూడా. క్యాసెట్ (హబ్ మీదికి తొడిగే పళ్ల చక్రాల గుత్తి) ఉన్న హబ్‌లో బేరింగు చివరిదాకా ఉంటుంది కాబట్టి ఆ బాధ తక్కువ.

ఇక సైజు. అందరికీ సరిపోయే రోడ్ బైక్ అనేది లేదు, ఆ మాట రాసిన వాళ్ల దగ్గర నేనైతే గంట కూడా కొనను. చెప్పులు విప్పి గోడకి వీపు ఆనించి నిలబడు, ఒక లావు పుస్తకం కాళ్ల మధ్య గట్టిగా పైకి నొక్కిపెట్టి దాని పై అంచు నుంచి నేలదాకా కొలిపించుకో. ఆ సెంటీమీటర్లని 0.67తో గుణిస్తే ఫ్రేము సైజు దాదాపుగా తెలుస్తుంది. 0.883తో గుణిస్తే సీటు ఎత్తు, అంటే క్రాంకు మధ్య నుంచి సీటు పైదాకా. నీకు 78 వచ్చిందనుకో, ఫ్రేము 52, సీటు 69 దగ్గర.

నా మాట వింటే ట్రైబన్ వైపే వెళ్లు. ఆర్డర్ ఆన్‌లైన్‌లో పెట్టినా సరే, ముందు సర్జాపుర రోడ్డు స్టోర్‌కి వెళ్లి ఎక్కి చూసి రా.

హిందూపురం_అక్క:
రావు గారు చెప్పినవన్నీ నిజమే కానీ ఆన్‌లైన్ అంటే అంత భయం అక్కర్లేదు. నా సైకిల్ ఆన్‌లైన్‌లో కొన్నదే, సైట్ పేరు వద్దులెండి. పెట్టె ఒక మూల నలిగి వచ్చింది. పైకి అంతా బాగానే ఉంది, కానీ వెనక డీరేలర్ వేలాడే చిన్న అల్యూమినియం ముక్క, హ్యాంగర్ అంటారు, అది లోపలికి వంగిపోయింది. దాన్ని చూడకుండా తొక్కి పెద్ద పళ్ల చక్రం మీదికి గేరు మారిస్తే డీరేలర్ పుల్లల్లో ఇరుక్కుని చక్రమే పోయేది. పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచీ వీడియో తీశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే "మీరే వంచారు" అనేవాళ్లు, ఆ ముక్క తెప్పించుకోవడానికే వాళ్లతో బోలెడంత వాదించాల్సి వచ్చింది.

కాబట్టి బాబూ, ఎక్కడ కొన్నా సైకిల్ వెనక కూర్చుని చూడు. డీరేలర్‌లో ఉండే రెండు బుల్లి చక్రాలూ పైన పళ్ల చక్రానికి సరిగ్గా కింద, నిలువుగా ఒకే గీతలో ఉండాలి. ఆన్‌లైన్ సైకిల్ సగం విప్పి వస్తుంది, హ్యాండిల్, ముందు చక్రం, పెడళ్లు మనమే పెట్టాలి. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగియదు, బలవంతం చేస్తే క్రాంకు మర అరిగిపోతుంది. ఇంకా ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల గొట్టం! మా అపార్ట్‌మెంట్‌లో ఒక పిల్లాడు ఫోర్కు వెనక్కి తిరిగి ఉన్న సైకిల్ తొక్కుతుంటే నేనే ఆపాను, మలుపులో కాలి వేళ్లు ముందు చక్రానికి తగులుతున్నాయి. డిస్క్ బ్రేక్ కాలిపర్ (డిస్క్‌ని నొక్కిపట్టే భాగం) తొక్కేవాళ్లకి ఎడమ చేతివైపు ఉండాలి, కుడివైపు కనిపిస్తే ఫోర్కు తిరగబడినట్టే. ఇవన్నీ చేత కాకపోతే మంచి సైకిల్ షాపులో ఐదొందలో ఎనిమిదొందలో ఇచ్చి బిగించుకో, ఆ డబ్బు ముందే పక్కన పెట్టు.

కోరమంగళ_పాత_బండి:
35 వేలకి కొత్తది ఎందుకు అసలు? ఈ ఊళ్లో ఉత్సాహంగా కొని బాల్కనీలో బట్టలారేస్తున్న రోడ్ బైకులు బోలెడు. అదే డబ్బుకి క్లారిస్, అదృష్టం బాగుంటే సోరా ఉన్నది పాతది దొరుకుతుంది, కొత్తదైతే ఆ రేటుకి కష్టం. స్కేలు తీసుకెళ్లు. చైన్‌లో ఒక పిన్ను దగ్గర సున్నా పెడితే సరిగ్గా 12 అంగుళాల దగ్గర మళ్లీ పిన్ను పడాలి. అంగుళంలో పదహారో వంతు దాటిందంటే చైన్ మార్చాలి, ఎనిమిదో వంతు దాటితే క్యాసెట్ కూడా పోయినట్టే, ఆ మేరకి రేటు తగ్గించమను. హ్యాండిల్ కింద ఫ్రేము గొట్టాలు కలిసేచోట వేలితో తడిమి పగుళ్లు చూడు. పాత బిల్లు అడుగు, క్రాంకు దగ్గర ఫ్రేము అడుగున చెక్కిన నంబరు దానితో సరిపోలాలి. బిల్లు లేదు, అమ్మేసి ఊరెళ్తున్నా అంటే కొనకు, బేస్‌మెంట్లలోంచి ఎన్ని సైకిళ్లు పోతున్నాయో తెలుసుగా.

పెడల్_రావు:
పాత బండి గారూ, తెలిసినవాళ్లకి అది బంగారం లాంటి సలహానే, కాదనను. కానీ మొదటిసారి కొనేవాడికి హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) వదులైందో బ్రేకు వదులైందో తేడా తెలియదు కదా. పక్కన తెలిసినవాళ్లుంటేనే పాతది చూడమంటాను.

కావలి_కుర్రాడు:
చాలా థ్యాంక్స్ అందరికీ. సేల్ సైకిల్ కార్ట్‌లోంచి తీసేశాను. కొలిపించుకుంటే 77 వచ్చింది. ఇంకో రెండు డౌట్లు. పాత పోస్టుల్లో విగ్గిల్, చైన్ రియాక్షన్ సైట్ల నుంచి సామాన్లు చవగ్గా తెప్పించుకోవచ్చని ఉంది, ఇప్పటికీ కుదురుతుందా? సైకిల్ పోగా మిగిలే ఐదారు వేలలో ముందు ఏవి కొనాలి?

పెడల్_రావు:
77కి ఫ్రేము 52 లోపే వస్తుంది. ట్రైబన్‌లో ఎస్, ఎమ్ రెండూ ఎక్కి చూడు, మధ్యలో ఉన్నావు. విగ్గిల్ పాత కథ, ఆ కంపెనీ 2023 చివర్లో ఇంగ్లండులో దివాలా దాకా వెళ్లి చేతులు మారింది. అసలు బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కలిసి చవక అన్నమాటే ఉండదు, ఇక్కడే కొనుక్కో. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అంతకుముందు పోస్టుల్లో రేట్లు చూసి లెక్క వేసుకోకు.

డబ్బులో మొదటి వాటా హెల్మెట్‌కి. లోపల స్టిక్కర్ మీద ఈఎన్ 1078 (సైకిల్ హెల్మెట్లకి యూరప్ భద్రతా ప్రమాణం) అని ఉండాలి, వెనక తిప్పే నాబ్ బిగించి తల కిందికి వంచితే జారకూడదు. రెండోది వెనక ఎర్ర లైటు, సాయంత్రం ఆరున్నర దాటాక సర్వీసు రోడ్డులో నువ్వు కనిపించాలి. తాళం సన్న కేబుల్‌ది వద్దు, చిన్న కట్టర్‌తో పోతుంది, యూ లాక్ తీసుకో. జెల్ షార్ట్స్, జెర్సీ, పెడల్‌కి తగిలించే క్లిప్ షూలు ఇప్పుడే ఎందుకు, ఆఫీసు దాకా మామూలు బట్టలు చాలు. నంది మాత్రం తొందరపడకు, కింది నుంచి ఏడెనిమిది కిలోమీటర్లు ఎక్కుడే, చివర్లో బాగా నిలువు. ముందు 34 పళ్లు, వెనక 32 పళ్లున్న గేరుంటే కొత్తవాళ్లు కూడా లాగొచ్చు. లేనిదానితో కాళ్లు పట్టేస్తాయి.

నాన్నగారికి పెట్రోలు లెక్క చెప్పు, ఇక్కడ లీటరు వంద దాటింది.

హిందూపురం_అక్క:
గేజ్ ఉన్న పంపు మర్చిపోకు. రోడ్ ట్యూబులకి చాలావాటికి సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటుంది, పెట్రోల్ బంకులో పైపు దానికి పట్టదు, పంక్చర్ షాపతను చూసి "ఇదేం వాల్వ్" అంటాడు. ఇత్తడి అడాప్టర్ చిన్నది దొరుకుతుంది, యాభై రూపాయల లోపే, ఒకటి కొని సీటు కింద సంచిలో పడేసుకో, స్పేర్ ట్యూబు కూడా. గాలి తక్కువ పెట్టి గుంతలో పడితే ట్యూబుకి పాము కాటు లాగా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. నీ బరువెంతో, టైరు 28 ఎమ్‌ఎమ్మా 32నా అన్నది రాయి, గాలి ఎంత పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టాలో చెప్తాను.