రంగు పట్టే సిలికాకి టీఈఓఎస్సా, సోడియం సిలికేటా?

మధురవాడ విద్యార్థిని:
ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం సాల్-జెల్ పద్ధతిలో (ద్రావణాన్ని జెల్‌గా కట్టించి) సిలికా చేసి, దానితో నీళ్లలోని మిథిలిన్ బ్లూ రంగు తీయాలి. మా గైడ్ గారు టీఈఓఎస్ (సిలికా ఇచ్చే ద్రవం), సీటీఏబీ (రంధ్రాలకు అచ్చుగా పనిచేసే సబ్బులాంటి పదార్థం) వాడి ఎంసీఎం-41 అనే, ఒకే సైజు రంధ్రాలుండే సిలికా చెయ్యమంటున్నారు. ల్యాబ్‌లో సీనియర్ అన్నయ్య మాత్రం సోడియం సిలికేట్ చాలంటున్నాడు. బడ్జెట్ తక్కువ. ఏది మంచిదంటారు?

పరవాడ ప్రాసెస్ ఇంజినీర్:
మీ సీనియర్ చెప్పిందే చేయండమ్మా. 1931లో కిస్ట్లర్ తొలి సిలికా ఏరోజెల్ (ద్రవం బదులు గాలి నిండిన జెల్) చేసింది సోడియం సిలికేట్‌తోనే. ఇప్పుడైతే ఆటోక్లేవ్ (అధిక పీడన పాత్ర) కూడా అక్కర్లేదు. జెల్‌లోని నీటిని ముందు ఇథనాల్‌తో, తర్వాత హెక్సేన్‌తో మార్చి, టీఎంసీఎస్ (సిలికాకి నీళ్లు అంటకుండా చేసే రసాయనం) పట్టించి మామూలు ఓవెన్‌లో ఆరబెట్టండి. కుంచించుకున్న జెల్ మళ్లీ ఉబ్బుతుంది.

ఎంవీపీ కాలనీ కెమిస్ట్:
సోడియం సిలికేట్ వరకు సరే. టీఎంసీఎస్ దగ్గరే నా అభ్యంతరం. అది సిలికా నిండా మిథైల్ గుంపులు అంటించేస్తుంది, ఇక నీళ్లు రంధ్రాల్లోకి దూరవు. వేడిని ఆపే పలకకైతే అదే కావాలి. నీళ్లలో రంగు పట్టాల్సిన పొడికి అదెందుకండీ? పైగా మన వైజాగ్ తేమలో ఆ సీసా మూత తీస్తే చాలు, హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ ఆమ్లం) పొగ లేస్తుంది. ఫ్యూమ్ హుడ్ (పొగను బయటికి లాగే అర) సరిగ్గా లేని చోట పిల్లలతో ఆ పని చేయించొద్దు.

అమ్మా, మిథిలిన్ బ్లూ అణువు పొడవు సుమారు 1.4 నానోమీటర్లు. రంధ్రం 2 నానోమీటర్ల లోపుంటే అది లోపలికి వెళ్లడమే కష్టం. పీహెచ్ బాగా దించేసి కట్టించిన జెల్‌లో ఎక్కువగా అలాంటి రంధ్రాలే వస్తాయి. పీహెచ్ 8 దగ్గర జెల్ కట్టనిచ్చి, అదే నీళ్లలో రాత్రంతా వెచ్చగా వదలండి. చిన్న రేణువులు కరిగి పెద్దవాటి మీద పేరుకుంటాయి. గోడలు బలపడతాయి, రంధ్రాలూ పెద్దవవుతాయి. తర్వాత సోడియం పోయేలా కడిగి, నీటి బదులు ఇథనాల్ నింపి ఆరబెట్టండి. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, ఇథనాల్‌ది 22. ఆరేటప్పుడు గోడల్ని లోపలికి లాగే బలం అంత తగ్గుతుంది.

సీతమ్మధార లెక్చరర్:
గైడ్ గారి మాట తీసిపారేయకండి. మీరు చెప్పిన జెల్‌లో 3 నానోమీటర్ల రంధ్రమూ 20 నానోమీటర్లదీ కలిసే ఉంటాయి. రంగు ఎందుకు త్వరగా పట్టిందంటే ఆ అమ్మాయి ఏం చెబుతుంది? 1992లో మొబిల్ శాస్త్రవేత్తలు ప్రకటించిన ఎంసీఎం-41 గొప్పతనమంతా ఒకే సైజు గొట్టాల్లోనే ఉంది.

ఎంవీపీ కాలనీ కెమిస్ట్:
రంధ్రం సైజుకీ వేగానికీ సంబంధం తేల్చాలంటే మీరన్నదే రైటు సార్. ఆవిడ అడిగింది రంగు తీయడం గురించి. పాజిటివ్ చార్జ్ ఉన్న ఆ రంగును పట్టేవి సిలికా మీది సిలనాల్ (Si-OH) గుంపులే. సీటీఏబీని 550 డిగ్రీల దగ్గర కాల్చేస్తే వాటిలో చాలా పోతాయి. అచ్చు తప్పనిసరైతే, ఆమ్లం కలిపిన ఇథనాల్‌తో సీటీఏబీని కడిగి తీయొచ్చు. ఇంకో మాట, ఎంసీఎం-41కి టీఈఓఎస్సే ఉండాలని లేదు. సోడియం సిలికేట్‌తోనూ వస్తుంది.

సీతమ్మధార లెక్చరర్:
అది నిజమే. అలాగైతే ఒకే సోడియం సిలికేట్‌తో రెండు రకాలూ (అచ్చుతో ఒకటి, లేకుండా ఒకటి) చేసి పోల్చమనండి. అచ్చుతో చేసింది లేకుండా మాత్రం నేను ఒప్పుకోను.

మధురవాడ విద్యార్థిని:
ఇదే గైడ్ గారితో మాట్లాడతాను. సోడియం పోవాలంటే ఎన్నిసార్లు కడగాలి సార్?

ఎంవీపీ కాలనీ కెమిస్ట్:
లెక్క పెట్టుకోవద్దమ్మా. కడిగిన నీళ్ల కండక్టివిటీ డిస్టిల్డ్ వాటర్‌కి దగ్గరయ్యేదాకా కడగండి. సోడియం మిగిలితే, వేడి చేసినప్పుడు రంధ్రాలు మూసుకుపోతాయి.