ఊరి లైబ్రరీ బాగు చేయిస్తామంటున్నారు, ముందు ఏం చెయ్యమందాం?

కాలవగట్టు:
తెనాలి దగ్గర ఒక మండల కేంద్రం మాది. పేరు చెప్పను, మా వాళ్ళెవరైనా ఇక్కడుంటే ఎలాగూ గుర్తుపడతారు. మా శాఖా గ్రంథాలయం డాబా బాగా పాతబడింది, వానాకాలంలో వెనక గది కారుతుంది, అక్కడి బీరువాల్లో కొన్నిటి తాళంచెవులు ఎక్కడున్నాయో ఎవరికీ తెలీదు. ఇప్పుడు మా హైస్కూలు పాత విద్యార్థులు, హైదరాబాదులో ఉన్నవాళ్ళూ అమెరికాలో ఉన్నవాళ్ళూ కలిసి, డబ్బులు మేం వేసుకుంటాం ఏం చెయ్యాలో మీరు చెప్పండి అన్నారు. ఇక అప్పట్నించి వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. ఏసీ పెట్టించమని ఒకళ్ళు, పుస్తకాలు తీసేసి డిజిటల్ లైబ్రరీ చెయ్యమని ఇంకొకళ్ళు, ముందర ఆర్చి కట్టి దాతల పేర్లు చెక్కించమని కొందరు (ఈ పార్టీకే బలం ఎక్కువ).

వచ్చేవాళ్ళెవరయ్యా అంటే, పొద్దున పేపర్ల కోసం పెద్దవాళ్ళు, పొద్దునా సాయంత్రం కూడా గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లలు. వీళ్ళు పుస్తకాలు ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకుంటారు. చిన్నపిల్లలు దాదాపు రారు. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరుస్తారు, శుక్రవారం సెలవు. వచ్చే ఆదివారం ఊళ్ళో అందర్నీ కూర్చోబెట్టి అడుగుదామనుకుంటున్నాం. మీ ఊళ్ళలో ఇలాంటి పని జరిగి ఉంటే ఏది పనికొచ్చింది, ఏది దండగైంది, మొహమాటం లేకుండా చెప్పండి.

డీఎస్సీ బ్యాచ్:
బాత్రూం అండీ. ఆడవాళ్ళకి విడిగా, లోపల గడియ పడేది, నీళ్ళు వచ్చేది. మీ గ్రూపులో ఈ మాట ఒక్కళ్ళు కూడా అనలేదంటే అందులో ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో అర్థమవుతోంది. మాది వేరే మండలం, మా లైబ్రరీలోనూ ఇదే కథ, అమ్మాయిలం మంచినీళ్ళు తాగకుండా కూర్చుంటాం.

రెండోది టైమింగ్స్. పదకొండుకి తాళం వేసేస్తే మళ్ళీ సాయంత్రం దాకా ఎక్కడికి పోవాలి? చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చూడండి, జాబ్ నోటిఫికేషన్ పడిందంటే మెట్ల మీద కూడా కూర్చుని చదువుతారు. అంత డిమాండ్ ఉందనే కదా ప్రతి టౌన్‌లోనూ ప్రైవేటు స్టడీ హాళ్ళు లేచాయి, నెలకింతని ఫీజు కట్టి మరీ వెళ్తున్నారు. కట్టలేనివాళ్ళం లైబ్రరీకి వస్తాం. పుస్తకాలు ముట్టుకోరు, కుర్చీల కోసం వస్తారు అని మమ్మల్ని దెప్పుతుంటారు, మరి ఆ బీరువాలో ఉన్న జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఇంకా ఆంధ్రప్రదేశ్‌కి 23 జిల్లాలే ఉంటే ఏం ముట్టుకోమంటారు?

పేపరు తాత:
అమ్మాయి చెప్పింది నిజమే, బాత్రూం మాకూ కావాలి, మా వయసుకి ఇంకా ఎక్కువ కావాలి. కానీ ఈ చదివే పిల్లలకీ మాకూ ఒకే హాలు పెడితే పడదు. మేం పేపరు చదివితే నాలుగు మాటలు అనుకుంటాం, అది మానమంటే ఇంట్లోనే కూర్చుంటాం కదమ్మా. వరండాకి గ్రిల్లు పెట్టించి పేపర్లు అక్కడ వేస్తే లోపల వాళ్ళు నిశ్శబ్దంగా చదువుకుంటారు. పెద్ద ఖర్చు కూడా కాదు. చేతులున్న కుర్చీలు వెయ్యండి, పట్టుకు లేవడానికి. ఇంక ఆ మెట్లు, వాటి గురించి ఎవరైనా ఆలోచించారా?

మాజీ లైబ్రేరియన్:
శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపికుంటే చదవండి.

అన్నిటికన్నా ముందు కాగితం. స్థలం పంచాయతీదా, జిల్లా గ్రంథాలయ సంస్థదా చూసుకోండి, సంస్థ కార్యదర్శికి రాసి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. డబ్బు మాదే కదా అని తాపీమేస్త్రీని దింపేస్తే మధ్యలో ఆగిపోతుంది. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున లైబ్రరీ సెస్సు వసూలవుతుంది. అది స్థానిక సంస్థలు వసూలు చేసి గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి, చాలాచోట్ల ఏళ్ళ తరబడి బకాయిలే. మీ ఊరి బకాయి ఎంతో ఒక అర్జీ పెట్టి అడగండి, ఒక్కోసారి దాతల డబ్బు కంటే అదే ఎక్కువ తేలుతుంది.

పనుల్లో డాబా మొదటిది. పైన కారుతుంటే కింద ఏం చేసినా వృథా. తర్వాత చెద. టైల్స్ వెయ్యకముందే గోడ మొదట్లో వరసగా బెజ్జాలు వేయించి చెదమందు పోయించాలి, టైల్స్ వేశాక గుర్తొస్తే మళ్ళీ పగలగొట్టాలి. ర్యాకులు గోడకి ఆనించకండి, చెమ్మ పుస్తకాలకెక్కుతుంది, జానెడు ఎడం ఉంచండి. తాతగారు అడిగిన మెట్ల సంగతి, ర్యాంపుకి ఒకటికి పన్నెండు లెక్క. అరుగు రెండడుగులుంటే ర్యాంపు ఇరవైనాలుగు అడుగులు రావాలి. చోటు లేదని నిటారుగా కట్టేస్తారు, దాని మీద చక్రాల కుర్చీ కాదు కదా సైకిలు కూడా ఎక్కదు. ఏసీ వద్దనను, నెలనెలా కరెంటు బిల్లు ఎవరు కడతారో ముందు తేల్చుకోండి. దాతలు ఏసీ కొనిస్తారు, బిల్లు కట్టరు.

ఇక పుస్తకాలు. రంగులు వేసేటప్పుడే అసలు నష్టం జరుగుతుంది. గది ఖాళీ చెయ్యాలని మూటలు కట్టి వరండాలో పడేస్తారు, ఆ గందరగోళంలో పాతవి చిత్తుకాగితాల వాడికి పోతాయి. తాళాలు పడిన బీరువాలు ఊరిపెద్దల ఎదుట తెరిపించి, అక్సెషన్ రిజిస్టరుతో (లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి రాసే పుస్తకం) సరిచూడండి. ఆ తర్వాత పాత పత్రికల బైండ్లు, స్థానికుల రచనలు ఏవైనా దొరికితే ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్ ఉందో లేదో వెతకండి. తెలుగువి అక్కడ చాలా ఉన్నాయి, అయినా అన్నీ లేవు. వేటపాలెం సారస్వత నికేతనం లైబ్రరీ 1918లో కుర్రాళ్ళు పెట్టిందే, ఇవాళ పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్తున్నారంటే పాత పత్రికలు పారెయ్యకుండా దాచినందుకే. చిరిగిన పేజీలకి సెల్లోటేపు మాత్రం అంటించకండి, దండం పెడతాను. పాత గైడ్లు, కాలం చెల్లిన టెస్టు పేపర్లు నిరభ్యంతరంగా తీసెయ్యొచ్చు, దానికీ పద్ధతుంది, జాబితా రాసి సంస్థ అనుమతి తీసుకోవాలి.

డాలస్ బావ:
కాలవగట్టు చెప్పిన ఆ డబ్బులేసే బ్యాచ్‌లో నేనూ ఒకణ్ణి. ఆర్చి పార్టీ కాదు, డిజిటల్ పార్టీ. ఇక్కడ మా పిల్లల్ని వారం వారం లైబ్రరీకి తీసుకెళ్తాం, కథలు చదివి వినిపిస్తారు, ఈబుక్స్ ఫోన్‌లోకే వస్తాయి. అలాంటిది మన ఊళ్ళో ఎందుకు ఉండకూడదు? ఓ పది కంప్యూటర్లు, మంచి వైఫై ఇస్తే చాలదా మాస్టారూ?

మాజీ లైబ్రేరియన్:
బాబూ, కథలు చదివి వినిపించడానికి అక్కడ ఒక మనిషి ఉన్నాడు కదా, ఆ మనిషికి జీతం ఉంది. ఇక్కడ చాలా శాఖల్లో ఒకే లైబ్రేరియన్ రెండు ఊళ్ళకి ఇన్‌ఛార్జి. సోమవారం ఇక్కడ, మంగళవారం అక్కడ. పది కంప్యూటర్లు కాదు, రెండు పెట్టి, మిగతా డబ్బుని డిపాజిట్ చేసి ఆ వడ్డీతో ఊళ్ళోనే ఒక పార్ట్‌టైం సహాయకురాలిని పెట్టే దారి చూడండి. సంస్థ ఒప్పుకోవాలి, అడగాలి. గది తెరిచుండే గంటలు పెరిగితే మిగతా సగం సమస్యలు తీరతాయి. గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు 1935లో మీ కాలవ మీదే, పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా, పడవలో పుస్తకాలు తిప్పారు. భవనం లేదు, మనిషి ఉన్నాడు.

ఇద్దరు పిల్లల తల్లి:
పిల్లలు రారు అన్నారు, వస్తే కూర్చోవడానికి ఏముంది? వాళ్ళకి అందే ఎత్తులో ఒక్క అర కూడా లేదు. నవంబరు 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలని వ్యాసరచన పెడతారు, ఫోటోలు దిగుతారు, 20 తర్వాత మళ్ళీ పిల్లల పుస్తకాలు బీరువాలోకి. వేసవి శిబిరాలు బాగానే ఉంటాయి, అవీ సెలవుల వరకే. ఒక మూల చాప వేసి బొమ్మల పుస్తకాలు బయట పెట్టండి చాలు, చినిగితే చినగనివ్వండి. ఇంకో మాట, ఆదివారం మీటింగ్ పొద్దున పెడితే మేం రాలేం, వంటలుంటాయి.

కాలవగట్టు:
అందరికీ థాంక్స్. మీటింగ్ సాయంత్రం నాలుక్కి మార్చాం, లైబ్రరీలో కాకుండా స్కూల్లో పెడుతున్నాం. డాబా, చెదమందు, రెండు బాత్రూంలు, వరండా గ్రిల్లు, పిల్లల మూల, ఇంతవరకు గొడవ లేకుండా ఒప్పుకుంటారనిపిస్తోంది. సెస్సు బకాయికి అర్జీ నేనే రాస్తున్నా, మాస్టారూ నమూనా ఉంటే పెట్టండి. ఆర్చి పార్టీవాళ్ళకి ఏం చెప్పాలో ఇంకా తెలీట్లేదు, ఎక్కువ ఇస్తానన్నది వాళ్ళే.

డీఎస్సీ బ్యాచ్:
బాత్రూం గోడ మీద చెక్కించమనండి పేర్లు 😀 సరదాకి అన్నాలెండి, ర్యాంపు పక్కన ఒక పలక పెట్టండి, సరిపోతుంది. ఆ, వైరింగ్ చేసేటప్పుడు బల్ల బల్లకీ ఒక ప్లగ్ పాయింట్ పెట్టించడం మర్చిపోకండి, తర్వాత ఎవరూ పెట్టరు.