సలహా మండలికి ఫోన్‌లో పిలిచారు, ఉత్తర్వు రాలేదు: మళ్లీ ఎలా అడగాలి?

ప్రశ్న:
మాది ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. తోలుబొమ్మలాట మా ఇంటి విద్య. నాలుగు వారాల కిందట ఒక సాంస్కృతిక సంస్థ నుంచి మా నాయనకు ఫోన్ చేసి, జానపద కళల సలహా మండలిలో సభ్యుడిగా ఉండడానికి ఇష్టమేనా అని అడిగారు. ఆయన సరేనన్నారు. అదే రోజు బయోడేటా, ఫొటో వాట్సాప్‌లో పంపాం. నీలం టిక్కులు పడ్డాయి గానీ తరువాత మాట లేదు. తొలి సమావేశం వచ్చే నెల మొదటి వారంలో ఉండవచ్చని చెప్పడంతో, ఆ వారంలో వచ్చిన ఒక జాతర ఆటకు నాయన ఇంకా బయానా తీసుకోలేదు. మేకతోలు మీద ఉలితో చుక్కలు కొడుతున్నంతసేపూ ఫోన్ పక్కనే పెట్టుకుంటున్నారు. మళ్లీ అడిగితే పదవి కోసం వెంటపడినట్టు ఉంటుందని ఆయన సంకోచం. ఎవరిని, ఎలా అడిగితే మర్యాదగా ఉంటుంది?

సమాధానం 1:
అమ్మా, నేను ఇలాంటి ఫైళ్లు చూసే సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఫోన్‌లో సమ్మతి అడగడం వేరు, నియామకం వేరు. ప్రభుత్వ మండలి అయితే పేర్ల జాబితా పైకి వెళ్లి, సంతకాలై, జీవో వచ్చాకే సభ్యత్వం. ఆలోగా పేర్లు మారవచ్చు కాబట్టి, ఫోన్ చేసిన అధికారి తానుగా మాట ఇవ్వలేరు. వాట్సాప్ సందేశాన్ని ఫైల్లో పెట్టకపోయి ఉండవచ్చు. అందుకని కార్యదర్శి పేరిట ఒక పేజీ ఉత్తరం ఈమెయిల్‌లోనూ స్పీడ్ పోస్టులోనూ పంపండి: “ఫలానా తేదీన మీ కార్యాలయం ఫోన్‌లో అడిగినప్పుడు నా సమ్మతి తెలిపాను. సమావేశం తేదీ తెలిస్తే ఆ వారం ప్రదర్శనలు ఒప్పుకోకుండా ఉంటాను. ఈ నెల 20లోగా తెలియజేయగలరని మనవి.” ఇందులో వెంటపడటం ఏమీ లేదు.

సమాధానం 2:
ఆ ఉత్తరంలోనే మరో రెండు విషయాలు అడగండి. ప్రయాణ ఖర్చు ఎవరిది? సభ్యుడిగా ఉన్నంతకాలం మీ బృందం ఆ సంస్థ గ్రాంటుకు దరఖాస్తు చేసుకోవచ్చా? నన్ను ఒక కమిటీలో వేసుకున్నాక, మా బృందం దరఖాస్తు పక్కన పెట్టారని ఆరు నెలలకు తెలిసింది; ముందే అడిగి ఉంటే ఆలోచించుకునేదాన్ని. మీ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, ఆ విద్య తెలిసినవారి అవసరం మండలికే ఎక్కువ. మీ నాయనగారు తగ్గి అడగనక్కర్లేదు.

సమాధానం 3:
సమాచార హక్కు దరఖాస్తు పెట్టమని ఎవరైనా చెబుతారు. పది రూపాయల రుసుము, 30 రోజుల గడువు. మండలి ఏర్పడిందా లేదా అన్నది దానితో తెలుస్తుంది. కానీ ఆహ్వానం దశలో అది కటువుగా ఉంటుంది, ఇప్పుడే వద్దు. జాతర ఆట మాత్రం వదులుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
ఉత్తరం నిన్న పంపాం, గ్రాంటు సంగతి కూడా రాశాం. జాతర పెద్దలతో మాట్లాడితే 20వ తేదీ వరకు ఆగుతామన్నారు. ఆ రోజుకు జవాబు రాకపోతే బయానా తీసుకుంటానని నాయన చెప్పారు.