1942లో జపనీస్ కెనడియన్లను తీరం నుంచి పంపేసింది భయంతోనా, ఆస్తుల మీద ఆశతోనా?

వలసపక్షి:
పోయిన నెల కుటుంబంతో న్యూ డెన్వర్ వెళ్లొచ్చాం. కెనడా పశ్చిమ తీర రాష్ట్రం బ్రిటిష్ కొలంబియా లోపల కొండల మధ్య, సరస్సు ఒడ్డున చిన్న ఊరు. 1942లో తీరం నుంచి ఖాళీ చేయించిన జపనీస్ కెనడియన్లను ఉంచిన చెక్క ఇళ్లు కొన్ని అక్కడ ఇంకా ఉన్నాయి. పలుచటి పలకల గోడలు. ఒక్కో ఇంట్లో రెండేసి కుటుంబాలు ఉండేవట. తిరిగొచ్చే దారంతా కారులో నాకూ మా బావమరిదికీ వాదనే. మొత్తం 22 వేల మంది దాకా. అందులో ఎక్కువమంది కెనడా పౌరులే. భద్రత కోసం పంపారని ఆయన, ఆస్తుల కోసమని నేను. మీరేమంటారు?

భీమిలి తీరం:
భద్రత కోసమే. ఆ రోజుల్లో పరిస్థితి చూడండి. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి. డిసెంబర్ 25న హాంకాంగ్ పడిపోయింది. అక్కడున్న దాదాపు 2 వేల మంది కెనడా సైనికుల్లో చనిపోయినవాళ్లు పోను మిగిలినవాళ్లంతా బందీలయ్యారు. జపాన్ జలాంతర్గామి ఏకంగా వాంకూవర్ ద్వీపం దాకా వచ్చి ఎస్టెవాన్ పాయింట్ లైట్‌హౌస్ మీద గుళ్లు కురిపించింది. ఎవరు మనవాళ్లో ఎవరు కాదో ఒక్కొక్కరినీ పరీక్షించే తీరిక ఎవరికుంది?

కృష్ణాజలం:
భీమిలి గారూ, తేదీలు చూసుకోండి. ఎస్టెవాన్ పాయింట్ మీద దాడి జరిగింది 1942 జూన్ 20న. తీరం నుంచి వంద మైళ్ల లోపల జపాన్ మూలాలున్నవాళ్లు ఎవరూ ఉండకూడదన్న ఉత్తర్వు వచ్చింది ఫిబ్రవరి 24న. నాలుగు నెలల తర్వాత జరిగినదాన్ని కారణంగా ఎలా చూపిస్తారు?

భీమిలి తీరం:
దాడి జరిగిందా లేదా? జరిగింది. అంటే వాళ్ల భయం నిజమైందనే కదా అర్థం.

కృష్ణాజలం:
జలాంతర్గామి నడిపింది జపాన్ నౌకాదళం. ఇక్కడి స్టీవ్‌స్టన్ రేవులో సాల్మన్ చేపలు పట్టుకునేవాడు కాదు.

గణితం మాస్టారు:
లైట్‌హౌస్‌కి ఒక్క గుండూ తగల్లేదు. ఎవరూ చనిపోలేదు. ఆ సంగతి వదిలేసి ముందుకు వెళ్లండి.

భీమిలి తీరం:
ఎందుకు వదలాలి? అసలు పాయింటే అది.

కృష్ణాజలం:
అసలు పాయింట్ పడవలు. పెర్ల్ హార్బర్ జరగ్గానే దాదాపు 1,200 చేపల పడవలు పట్టుకుపోయారు. వాటిని వదిలించుకోడానికి 1942 జనవరిలోనే కమిటీ వేశారు. మనుషులందర్నీ పంపాలన్న ఉత్తర్వు ఇంకా రానేలేదు. ఈ కథ 1941లో మొదలైంది కూడా కాదు. 1922లో ఒక కమిషన్ వేసి, ఆ తర్వాత కొన్నేళ్లలో వీళ్ల ఫిషింగ్ లైసెన్సులు భారీగా కోసేశారు. తెల్లజాతి జాలర్లతో పోటీ పడుతున్నారన్నది అప్పుడు చెప్పిన కారణం. మరి అప్పుడు ఏ యుద్ధం ఉంది?

పోనీ, భద్రత గురించి చెప్పాల్సినవాళ్లు ఏమన్నారు? సైన్యంలో పెద్ద స్థానంలో ఉన్న కెన్నెత్ స్టూవర్ట్ వీళ్ల వల్ల దేశ భద్రతకు ముప్పు కనిపించట్లేదని రాశాడు. అనుమానం ఉన్న కొద్దిమందిని పోలీసులు అంతకుముందే పట్టుకున్నారు. అందర్నీ పంపాలని పట్టుబట్టింది ఇయాన్ మెకెంజీ లాంటి బ్రిటిష్ కొలంబియా రాజకీయ నాయకులు. ఫ్రేజర్ లోయలోని జపనీస్ కెనడియన్ల పొలాలు యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకు ఇవ్వొచ్చన్న ఆలోచన కూడా ఆయనదే.

సర్రే సుజాత:
అదే రాష్ట్రంలో మన పంజాబీ వాళ్లకి కూడా 1947 దాకా ఓటు లేదు. అది కూడా కలిపి చూడండి.

భీమిలి తీరం:
కృష్ణాజలం గారూ, మీకు పుస్తకంలో చదివిన జపాన్ తెలుసు. మా ఇంట్లో వేరే జపాన్ తెలుసు. మా తాతయ్య రంగూన్ రేవులో కూలీ. 1941 డిసెంబర్ 23న అక్కడ బాంబులు పడ్డాయి. భార్యనీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని అడవుల్లో పడి నడిచి వచ్చాడు. ఒక బిడ్డ దారిలోనే పోయింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద అదే జపాన్ బాంబులు వేసింది. పదేళ్లు కూడబెట్టుకున్న ఇల్లూ సామానూ రంగూన్‌లోనే పోయాయి. ఎవరైనా క్షమాపణ చెప్పారా? ఒక్క రూపాయి ఇచ్చారా? ఇక్కడ 1988లో ప్రధాని మల్రోనీ పార్లమెంటులో క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికీ 21 వేల డాలర్లు ఇప్పించాడు. మా నాయనమ్మ బిడ్డను పోగొట్టుకున్న బాధతోనే పోయింది. ఆమెనెవరు అడిగారు?

వలసపక్షి:
అయ్యో, చాలా బాధగా ఉందండీ. నేను అడిగినదాంట్లో ఇంత ఉందని అనుకోలేదు.

కృష్ణాజలం:
మీ నాయనమ్మకు జరిగింది ఘోరం. అందులో నాకు వాదన లేదు. కానీ ఆ బాకీ ఎవరి దగ్గర వసూలు చేస్తున్నారు? మసుమి మిట్సుయి అని ఒకాయన ఉండేవాడు. మొదటి యుద్ధంలో కెనడా సైన్యంలో చేరి ఫ్రాన్స్‌లోని విమీలో పోరాడాడు, మెడల్ కూడా తెచ్చుకున్నాడు. ఆయన పోర్ట్ కొక్విట్లమ్ పొలం కూడా లాక్కున్నారు. మీ తాతగారిని రంగూన్ నుంచి తరిమింది ఆయనా?

భీమిలి తీరం:
నేను ఆ మాట అన్లేదు. మాటలు నా నోట్లో పెట్టకండి. ఇక్కడ కొందరికి జపాన్ అనగానే ప్రేమ పొంగుకొస్తుంది, సొంతవాళ్ల చావులు కనపడవు.

కృష్ణాజలం:
సొంతవాళ్లా? వినండి. మా నాన్నకి ఐదెకరాలు ఉండేవి. ప్రాజెక్టు ముంపులో పోయాయి. నీళ్లు వచ్చాయని ఆయన ఏనాడూ ఏడవలేదు. "సామాను ఇక్కడే పెట్టి వెళ్లండి, మేం చూసుకుంటాం, లిస్టు రాసుకున్నాం" అని ఒక ఆఫీసర్ చెప్పాడు. నెల తిరిగి వస్తే తలుపులూ దూలాలూ వేలంలో అమ్మేశారు. ఆ మాట నమ్మినందుకే చచ్చేదాకా కుమిలిపోయాడు. ఇక్కడా సరిగ్గా అదే జరిగింది. కస్టోడియన్ అనే ప్రభుత్వ అధికారి మీ ఆస్తిని భద్రంగా ఉంచుతాడు అన్నారు. 1943 జనవరిలో యజమానుల్ని అడక్కుండానే అమ్మొచ్చని ఉత్తర్వు ఇచ్చారు. ఇళ్లు, పొలాలు, కుట్టుమిషన్లతో సహా అమ్మేశారు. ఆ డబ్బులోంచే వాళ్ల క్యాంపు ఖర్చులు పెట్టుకోవాల్సి వచ్చింది.

భీమిలి తీరం:
అమ్మడం తప్పు. అది నేను ముందే ఒప్పుకుని ఉండాల్సింది. పంపడం వేరు, అమ్మడం వేరు. మీరు రెండూ ఒకటే అంటున్నారు, అక్కడే నాకు కోపం వస్తోంది. భయపడ్డవాళ్లందరినీ దొంగలంటే మా నాయనమ్మ భయాన్ని కూడా అబద్ధం అన్నట్టే ఉంటుంది నాకు.

కృష్ణాజలం:
ఆమె భయం నిజం. ఇక్కడి మంత్రుల భయమే నేను నమ్మను. 1944 ఆగస్టులో ప్రధాని మెకెంజీ కింగ్ స్వయంగా పార్లమెంటులో చెప్పాడు, యుద్ధం జరిగిన ఆ ఏళ్లలో కెనడాలో పుట్టిన జపాన్ జాతివాళ్లెవరి మీదా ద్రోహం కేసు లేదని. అయినా యుద్ధం అయిపోయాక 1946లో దాదాపు 4 వేల మందిని జపాన్ పంపేశారు. మిగిలినవాళ్లని 1949 ఏప్రిల్ 1 దాకా తీరానికి రానివ్వలేదు. తిరిగొచ్చేసరికి ఇల్లు ఉండకూడదు, పడవ ఉండకూడదు. పంపినప్పుడే అది ఉద్దేశం అని నేనంటున్నాను.

భీమిలి తీరం:
1949 సంగతికి నా దగ్గర జవాబు లేదు. 1942 ఫిబ్రవరి సంగతి మాత్రం ఒప్పుకోను.

కృష్ణాజలం:
ఫిబ్రవరి గురించి రేపు రాస్తాను. ఇప్పుడు నైట్ డ్యూటీకి టైమైంది.