స్టోర్‌లో ఉంది, వార్డులో లేదు. దీన్ని "ఉంది" అని లెక్కెయ్యాలా వద్దా?

తడ దాటిన వాడు:
పోయిన నెల నాన్నని చెన్నైలో ఒక గవర్నమెంట్ పెద్దాస్పత్రిలో 9 రోజులు ఉంచాం. ఏ ఆస్పత్రో చెప్పను, డాక్టర్లు బాగానే చూశారు, పేరు లాగడం ఇష్టం లేదు. మూడో రోజు రాత్రి సూది దగ్గర వాచిపోయి సెలైన్ ఎక్కడం ఆగిపోయింది, సిస్టర్ వచ్చి డ్రాయర్ లాగి చూసి బ్లూ లేదండీ బయట తెచ్చేయండి అని చీటీ రాసిచ్చింది. బ్లూ అంటే నీలం రంగు కాన్యులా, నరంలోకి సెలైన్ ఎక్కించే సన్న సూది గొట్టం. నాలుగంతస్తులు దిగి గేటు బయట సగం షట్టర్ వేసుకుని పడుకున్న షాపతన్ని లేపి తీసుకొచ్చేసరికి ఆయన చెయ్యి ఉబ్బిపోయి ఉంది.

తెల్లారి కిందకి దిగితే ఫార్మసీ పక్కన గోడకి బోర్డు, రోజూ తేదీ మార్చి రాస్తారంట, ప్రతి వస్తువుకీ ఎదురుగా "ఉళ్ళదు" అని. తమిళం రానివాళ్ళకి చెప్తున్నా, ఉళ్ళదు అంటే ఉంది అని అర్థం. మన చెవికి మాత్రం ఉండదు అని వినిపిస్తుంది. ఆ రాత్రి మటుకు మన చెవే కరెక్టు.

నా ప్రశ్న ఇది. ఆస్పత్రిలో సరుకు ఉందా లేదా అని కొలిచేటప్పుడు స్టోర్ రిజిస్టర్ ఎందుకు చూస్తున్నాం? మంచం దగ్గర చూడాలి, అదీ చెప్పకుండా, అర్ధరాత్రి. బయట తెచ్చుకోండి అని రాసిన ప్రతి చీటీనీ "లేదు" కింద లెక్కెయ్యాలి. ఏమంటారు?

మందుల కొట్టు:
బాబూ, నేను 14 ఏళ్ళుగా గవర్నమెంట్ ఆస్పత్రుల స్టోర్‌లోనే ఉన్నాను కాబట్టి నా మాట కొంచెం వినండి. మీ బాధ నిజమే, మీ లెక్క తప్పు. ఇక్కడ తమిళనాడులో టీఎన్ఎమ్ఎస్సీ అని, గవర్నమెంట్ ఆస్పత్రులకి మందులు కొనిచ్చే కార్పొరేషన్ ఉంది, 1994లో పెట్టారు, 95 జనవరి నుంచి మందులు ఇస్తోంది. ప్రతి ఆస్పత్రికీ ఒక పాస్‌బుక్కు, బ్యాంకు పాస్‌బుక్కు లాంటిదే, అందులో ఇంత డబ్బుకి సరుకు తీసుకోవచ్చు అని ఉంటుంది, జిల్లా గోడౌన్‌కి వెళ్ళి మనక్కావల్సింది ఎత్తుకోవడమే. అంతకుముందు ఎవరికి ఏది పంపాలో పైనోళ్ళే అనుకుని పంపేవాళ్ళు. ఈ పద్ధతి చూసి ఇంకొన్ని రాష్ట్రాలూ కార్పొరేషన్లు పెట్టుకున్నాయి.

మీరు చెప్పిన బ్లూ ఆ రాత్రి నా లాంటోడి స్టోర్‌లో డబ్బాలకి డబ్బాలు ఉండే ఉంటుంది. వార్డు వాళ్ళు ఇండెంట్ పెట్టలేదు, అంటే మాకు ఇంత కావాలి అని స్టోర్‌కి రాసివ్వలేదు. ఇండెంట్ రాకుండా నేను మోసుకెళ్ళి ఇవ్వలేను, ఆడిట్‌లో నా మెడకే చుట్టుకుంటుంది. ఇక చీటీలంటారా, సగం చీటీలు లిస్టులో లేని బ్రాండ్లకి రాస్తారు. జాతీయ అత్యవసర మందుల జాబితాలోనే 2022 లెక్కకి 384 మందులున్నాయి. డాక్టరు గారికి ఫలానా కంపెనీ ఇంజెక్షనే నచ్చితే అదీ మా "లేదు" కిందే వెయ్యమంటారా?

నైట్ డ్యూటీ సిస్టర్:
బాబాయ్ ఇండెంట్ పెట్టలేదు అని ఎంత తేలిగ్గా అనేశారు. శనివారం పెడితే సోమవారం వస్తది, వచ్చినా అడిగినంత రాదు, 50 అడిగితే 20 ఇచ్చి సంతకం పెట్టమంటారు, మరుసటి వారం 100 అడుగుతాం 50 వస్తదని, అప్పుడు మీరేమో వార్డు వాళ్ళు దాచుకుంటున్నారంటారు. అవును దాచుకుంటాం. మా వార్డులో కాటన్ రోల్ కవర్ వెనకాల ఎప్పుడూ ఒక 10 యెల్లో కాన్యులాలు ఉంటాయి, అవి ఏ రిజిస్టర్లోనూ ఉండవు, నైట్ సిస్టర్లకి తప్ప ఎవరికీ తెలీదు. చంటిపిల్లకి రాత్రి సూది దొరక్కపోతే ఏం చెయ్యాలో మాకు తెలుసు కాబట్టే దాచేది.

అసలు కాన్యులా ఉందా అని అడగడమే తప్పు ప్రశ్న. గ్రీన్ 18, పింక్ 20, బ్లూ 22, యెల్లో 24, నంబర్ పెరిగే కొద్దీ సూది సన్నం. ఆ రోజు ఆ అన్న వాళ్ళ నాన్న కోసం లాగిన డ్రాయర్లో పింక్ 40 ఉండొచ్చు. ముసలాయన నరం సన్నగా ఉంటే పింక్ ఎక్కదు, ఎక్కించినా పగుల్తది. రిజిస్టర్లో మాత్రం కాన్యులా 40, ఉళ్ళదు.

తడ అన్నా, అర్ధరాత్రి చెప్పకుండా వచ్చి చూడాలన్నారు చూడండి, దానికి మాత్రం నేను ఒప్పుకోను. వచ్చినోడికి కనిపించేది నేనే. మెమో నాకే. ఇప్పటికే నాలుగు రిజిస్టర్లు రాస్తున్నాం, అయిదోది మాకు వద్దు.

ఎక్సెల్ రావు:
చెన్నై ఓఎంఆర్ రోడ్డులో సప్లై చైన్ సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తా, ఆస్పత్రి కాదు, సబ్బులూ బిస్కెట్లూ. అయినా లెక్క లెక్కే. డబ్ల్యూహెచ్ఓ, హెల్త్ యాక్షన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ కలిసి 2003లో ఒక సర్వే పద్ధతి పెట్టారు, అందులో రూల్ ఏంటంటే వెళ్ళిన రోజున మందు కంటితో కనబడాలి, రిజిస్టర్‌లో ఉంది రేపొస్తుంది అంటే కుదరదు. నాకు నచ్చింది. కానీ అది ఆ ఒక్క రోజు ఫొటో, మర్నాడు అయిపోతే దానికి తెలీదు. అందుకే నెలలో ఎన్ని రోజులు స్టాక్ నిల్ అయిందో కొలవాలి, గోడౌన్ల దగ్గర చాలా చోట్ల అది ఆన్‌లైన్‌లో వస్తుంది కూడా. గోడౌన్ దాటాక గుడ్డిదే.

ఇంకో పెద్ద బొక్క సగటులో ఉంది. 50 వస్తువుల లిస్టు, 48 ఉన్నాయి, 96 శాతం, సూపరింటెండెంట్ గారు హ్యాపీ. ఆ లేని రెండూ అడ్రినలిన్ (ప్రాణం మీదకొచ్చినప్పుడు ఇచ్చే ఇంజెక్షన్), ఆక్సిజన్ మాస్కు అయితే? పారాసిటమాల్‌కీ అడ్రినలిన్‌కీ ఒకే మార్కా? స్టోర్ వాళ్ళు వీ ఈ డీ అని విడగొడతారు కదా, వైటల్, ఎసెన్షియల్, డిజైరబుల్, ఆ వీ సరుక్కి అసలు శాతమే వద్దు. ఒక్కటి లేకపోయినా ఆ రోజు సున్నా. డబ్ల్యూహెచ్ఓ 2013లో బీపీ, షుగర్ లాంటి జబ్బుల మందులకి 80 శాతం అని టార్గెట్ పెట్టుకుంది, ఆ జబ్బులకి సరే, అయిదులో ఒకసారి అడ్రినలిన్ లేకపోయినా పర్లేదు అని ఎవడంటాడు?

సూళ్ళూరుపేట ప్యాసింజర్:
రావన్నా, ఉండేదాంట్లో కూడా మోసం ఉండాది. మా ఊళ్ళో మా మామకి పొలంలో పాము కరిస్తే దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి ముందు ఫోన్ చేశాం, పాము మందు ఉందా అంటే ఉంది రండి అన్నారు. పోతే 3 వయల్స్, అంటే మూడు చిన్న సీసాలు. మొదటి డోసే 8 నుంచి 10 వయల్స్ పట్టుద్ది, పిల్లోడికైనా పెద్దోడికైనా అంతే. ఆ మూడూ ఎక్కించి అంబులెన్స్‌లో ఇంకో ఊరు పంపించారు, మనిషి బతికాడు, అది వేరే సంగతి. ఆ రోజు వాళ్ళ రిజిస్టర్లో ఏముంటుంది? ఉందనే.

చెన్నై వాళ్ళకి ఒక మాట, ఈ మందుకి కావల్సిన పాము విషం తీసేది మహాబలిపురం రోడ్డులో మీ పక్కనే, వడనెమ్మేలి దగ్గర, పాములు పట్టే ఇరుళర్లు 1978లో పెట్టుకున్న సొసైటీ. విషం మీ కాడ తీస్తారు, మందు మాకు మూడు సీసాలు.

వస్తువుని లెక్కెయ్యబాకండి, మనిషిని లెక్కెయ్యండి. ఎంత మందికి పూర్తిగా సరిపోద్ది అని రాయాల. 3 వయల్స్ అంటే సున్నా మంది.

నైట్ డ్యూటీ సిస్టర్:
ఇది వంద శాతం కరెక్టు. ఆక్సిజన్‌కీ ఇదే. క్రాష్ కార్ట్ (ఎమర్జెన్సీ సామాను బండి) చెక్‌లిస్టులో సిలిండర్ అని గడి ఉంటది, ఉంటే టిక్కు. చిన్న సిలిండర్ నిండుగా ఉంటే 1500 లీటర్లు. ముల్లు సగంలో ఉంటే, నిమిషానికి 10 లీటర్లు పోయే పేషెంట్‌కి గంటంపావు. టిక్కు మాత్రం అదే టిక్కు. 2021 మే 10న తిరుపతి రుయా ఆస్పత్రిలో ఏమైందో అందరికీ తెలుసు, తమిళనాడు నుంచి రావాల్సిన ట్యాంకర్ లేటయింది, ప్రెజర్ పడిపోయింది, ప్రభుత్వ లెక్కకే 11 మంది పోయారు. ట్యాంక్ ఉంది, పైపు ఉంది, మాస్కు ఉంది.

పెరంబూర్ అమ్మాయి:
ఇవన్నీ బోర్డు మీద రాసి జనానికి చూపించాలా? నాకు డౌటే. పాము మందు సున్నా అని రాస్తే ఆ ఆస్పత్రికి ఎవరూ రారు, కరిచినోడు ఇంకో 40 కిలోమీటర్లు పోతాడు, ఆ మూడు వయల్స్ కూడా పడవు దారిలో.

సూళ్ళూరుపేట ప్యాసింజర్:
చెల్లెమ్మా మూడే ఉన్నాయని ముందే చెప్పుంటే ఫోన్ పెట్టేసే లోపల ఇంకో ఆస్పత్రికి చెప్పి పెట్టించేవాళ్ళం గదా. ఉంది అని అబద్ధం చెప్పడం కంటే అదే మేలు.

తడ దాటిన వాడు:
బాబాయ్ సైలెంట్ అయిపోయారు. ఇండెంట్ గొడవ పక్కన పెట్టండి, స్టోర్ లెక్క నమ్మొచ్చా నమ్మకూడదా, అది ఒక్కటి చెప్పండి.

మందుల కొట్టు:
సైలెంట్ కాదు బాబూ, నెలాఖరు స్టాక్ టేకింగ్. సరే, ఇక్కడ నా పేరు లేదు కాబట్టి చెప్తున్నా. ఒక ఏడాది మా పైనోళ్ళు ఏ మందూ నిల్ పడకూడదు అని గట్టిగా ఆర్డర్ వేశారు, నిల్ పడితే ఎక్స్‌ప్లనేషన్. ఏం చేశామో తెలుసా, ప్రతి మందులోనూ ఆఖరి స్ట్రిప్పు ఇవ్వడం మానేశాం. అర అరకీ ఒక స్ట్రిప్పు దేవుడి పటంలా ఉండేది. పేషెంట్ వస్తే లేదు అనేవాళ్ళం, కంప్యూటర్లో ఉంది. ఆ ఏడాది మా రిపోర్టు చాలా బాగా వచ్చింది. నేనే చేశాను, ఇంకొకరి మీద చెప్పట్లేదు.

ఇంకోటి కూడా ఒప్పుకుంటా. ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, కాన్పు తర్వాత రక్తం ఆగడానికి ఇచ్చేది. ఎండాకాలంలో కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిన రోజున ఆంప్యూల్స్ లెక్క మారదు, లోపలి మందు బలం పోతుంది. దాన్ని ఉంది అనాలా? నా రిజిస్టర్ ఉంది అనే అంటుంది. రిజిస్టర్‌కి చలీ ఎండా తెలీవు.

అయినా చీటీల లెక్క మాత్రం ఒప్పుకోను. చీటీలో బ్రాండు పిచ్చి, తొందర, బద్ధకం, లేమి అన్నీ కలిసి ఉంటాయి. విడగొట్టకుండా లెక్కేస్తే స్టోర్ వాడు ఉరేసుకోవాలి.

నైట్ డ్యూటీ సిస్టర్:
బాబాయ్ ఆఖరి స్ట్రిప్పు మాట చెప్పినందుకు దణ్ణం. నేనూ ఒకటి చెప్తా. కొత్త రిజిస్టర్ వద్దు, పొద్దున హ్యాండోవర్ బుక్కులో ఒక్క లైను, రాత్రి ఏది అడిగితే దొరకలేదు, ఎన్నిసార్లు. మా పాత ఇన్‌ఛార్జ్ సిస్టర్ కొన్నాళ్ళు అలా రాయించేది, పెన్సిల్‌తో. అది ఎవరికీ పంపేది కాదు, అందుకే అందరం నిజం రాసేవాళ్ళం. పైకి పంపడం మొదలుపెట్టిన రోజున "నిల్" "నిల్" అనే రాస్తాం, ఇప్పుడే చెప్తున్నా.

ఎక్సెల్ రావు:
సిస్టర్ గారూ ఐడియా బాగుంది, ఒక్క కంత ఉంది. దొరకనివి మాత్రమే రాస్తే, అసలు అడగని వార్డు నంబర్‌వన్‌గా కనిపిస్తుంది. ఆర్నెల్లు ఒక మందు రాకపోతే డాక్టరు రాయడం మానేస్తాడు, సిస్టర్ అడగడం మానేస్తుంది, ఆ మందుకి లోటే లేదని తేలుతుంది. మా బిస్కెట్లలోనూ ఇదే, షాపులో లేని ఫ్లేవర్‌ని ఎవరూ అడగరు, డిమాండ్ లేదని ఫ్యాక్టరీ ఆపేస్తుంది. కాబట్టి ఎన్నిసార్లు అడిగారు అన్నదీ కావాలి. అన్నిటికీ వద్దు, వీ సరుకు ఒక 12 పెట్టుకోండి, సైజుతో సహా.

నైట్ డ్యూటీ సిస్టర్:
12 అంటే 12 గీతలు. రాత్రి ముగ్గురు సీరియస్ అయినప్పుడు ఆ గీతలు మీరొచ్చి గియ్యండి రావు గారూ.

తడ దాటిన వాడు:
సరే బాబాయ్ చీటీలు విడగొట్టాలన్నారు కదా. నాన్న ఫైల్లో అన్నీ దాచాను, 9 రోజులకి 11 చీటీలు. ఫొటోలు మీకు విడిగా పంపించా, చూసి చెప్పండి.

మందుల కొట్టు:
చూశాను. 4 బ్రాండ్లు, వాటికి మా దగ్గర సరిసమానమైనది ఉంటుంది, అవి తీసెయ్యండి. 2 లిస్టులోనే లేవు, అవీ తీసెయ్యండి. 3 పగటిపూట రాసినవి, అప్పుడు స్టోర్ తెరిచే ఉంటుంది, అడగడానికి బద్ధకించారు, అవి వార్డువి. మిగతావి రెండు, ఒక బ్లూ కాన్యులా, ఒక సెలైన్ సెట్టు. వాటి మీద టైమ్ రాయలేదు. పగలైతే అవీ వార్డు ఖాతాలోకే వెళ్తాయి, నాకు సంబంధం లేదు.

నైట్ డ్యూటీ సిస్టర్:
చీటీ మీద టైమ్ మేం రాయం అన్నా. దానికి పిన్ను కొట్టిన షాపు బిల్లు చూడండి, కింద చిన్న అక్షరాల్లో పడుతుంది.

తడ దాటిన వాడు:
సెలైన్ సెట్టు రాత్రి 11:50. బ్లూ 2:14.

మందుల కొట్టు:
రాత్రి 8కి స్టోర్ తాళం వేసి నేను ఇంటికెళ్ళిపోతాను బాబూ. ఆ రెండూ నావి, రాసుకోండి.