లారీ లైట్‌బార్‌కు స్విచ్ నేరుగా ఇవ్వాలా, రిలే ద్వారానా?

కొత్తలారీ
నా 24 వోల్టుల ట్రక్కుకు ముందు బంపర్ మీద ఎల్‌ఈడీ లైట్‌బార్ ఒకటి బిగించాను. పెట్టె మీద 240 వాట్లని, 10 నుంచి 30 వోల్టుల వరకు పని చేస్తుందని రాసి ఉంది. దానితో పాటు వచ్చిన సంచిలో ఒక రిలే, ఒక ఫ్యూజ్ హోల్డరు, మూడు కాళ్ల రాకర్ స్విచ్ ఒకటి, ఏది ఎటు పోవాలో చెప్పని కొన్ని తీగలు ఉన్నాయి. బ్యాటరీ నుంచి స్విచ్‌కు, స్విచ్ నుంచి బార్‌కు తీగ లాగితే చాలునని, రిలే దండగని ఒక డ్రైవరు చెప్పారు. అలా చేస్తే డ్యాష్‌బోర్డు తగలబడుతుందని ఇంకొకరు భయపెట్టారు. ఎవరి మాట వినాలి?

ఐదుకాళ్ల రిలే
భయపెట్టిన ఆయన మాటే వినండి. రిలే అంటే సన్న తీగలో వచ్చే కొద్దిపాటి కరెంటుతో లావు తీగలోని పెద్ద కరెంటును కలిపి, విడదీసే మీట. 240 వాట్లను 24 వోల్టులతో భాగిస్తే 10 ఆంపియర్లు వస్తాయి. ఆ కరెంటు మొత్తాన్ని క్యాబిన్ లోపలికి తెచ్చి, వేలెడంత స్విచ్ గుండా పంపి, మళ్లీ బయటికి తీసుకుపోవలసిన అవసరం ఏముంది? బ్యాటరీ దగ్గర జానెడు దూరంలోపే ఫ్యూజ్ పెట్టి, అక్కడి నుంచి లావు తీగను రిలే 30వ కాలికి ఇవ్వండి. 87 నుంచి బార్ ప్లస్‌కు తీగ వెళ్తుంది, 86కు స్విచ్ నుంచి సన్న తీగ వస్తుంది, 85 ఎర్త్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి పోతుంది. మీ రిలేలో మధ్యన 87ఎ అనే కాలు కూడా ఉంటే దాని జోలికి వెళ్లకండి. రిలే విశ్రాంతిలో ఉన్నప్పుడు కలిసి ఉండే కాలు అదే కాబట్టి, బార్‌ను పొరపాటున దానికి తగిలిస్తే స్విచ్ ఆపినప్పుడు వెలిగి, వేసినప్పుడు ఆరిపోతుంది.

తీగ పొడవు సంగతి కూడా చూడండి. బ్యాటరీ దగ్గర బయలుదేరి డ్యాష్‌బోర్డు దాకా వచ్చి బార్‌కు చేరి, ఎర్త్ గుండా తిరిగి వచ్చే దారి సుమారు 12 మీటర్లు అనుకుంటే, 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగలో 10 ఆంపియర్ల దగ్గర దాదాపు 2 వోల్టులు దారిలోనే పోతాయి. హాలోజెన్ దీపమైతే మసకబారి ఆ నష్టాన్ని పట్టిస్తుంది. ఎల్‌ఈడీ బార్ లోపలి డ్రైవరు సర్క్యూటు వోల్టేజి తగ్గినకొద్దీ కరెంటును ఎక్కువ లాగి వెలుగును అంతే ఉంచుతుంది కనుక, తీగ కాలుతున్నా మీకు తెలియదు.

పదేళ్ల అనుభవం
పుస్తకం లెక్క బాగానే ఉంది కానీ, పెట్టె మీద అంకెను నమ్మి మొదలుపెట్టిన లెక్క అది. 240 అని రాసిన బార్ ఒకటి నా దగ్గరా ఉంది. ఇంజను తిరుగుతుండగా, అంటే దాదాపు 28 వోల్టుల దగ్గర, క్లాంప్ మీటరు పెట్టి చూస్తే 5 ఆంపియర్లు దాటలేదు, అంటే 140 వాట్లే. 5 ఆంపియర్లకు రిలే కావాలంటే నవ్వు వస్తుంది. ఎనిమిదేళ్లుగా నా బండిలో స్విచ్ నేరుగానే ఉంది, ఇంతవరకు వేడెక్కిన దాఖలా లేదు. రిలే పెడితే అదనంగా నాలుగు లగ్గులు (తీగ చివర నొక్కి బిగించే లోహపు ముక్కలు), వాటికి నాలుగు చోట్ల తుప్పు, దుమ్ము చేరడం తప్ప ఒరిగేదేమీ లేదు.

తీగలమూట
స్విచ్ మూడు కాళ్లలో ఒకటి ఇత్తడి రంగులో ఉందేమో చూడండి. అది స్విచ్ లోపలి చిన్న దీపానికి ఎర్త్ మాత్రమే. దానికి బార్ తీగ పెట్టి, అసలు కాలికి ఎర్త్ ఇచ్చిన వాళ్లను చాలామందిని చూశాను. స్విచ్ నొక్కగానే ఫ్యూజ్ ఎగిరిపోతుంది, తప్పు లైటుదని దాన్ని వెనక్కి పంపుతారు.

ఐదుకాళ్ల రిలే
పదేళ్ల గారూ, ఒక్క మీటరు, ఒక్క బార్ చూసి లోకానికంతటికీ తీర్పు చెప్పకండి. ఆ స్విచ్ మీద ఏమి రాసి ఉంటుందో చదివారా? చాలా వాటి మీద 12 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లు అని ఉంటుంది. 24 వోల్టుల దగ్గర ఆ అంకె తగ్గుతుంది, ఎందుకంటే కాంటాక్టులు విడిపోయేటప్పుడు పుట్టే నిప్పురవ్వ వోల్టేజి పెరిగినకొద్దీ ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంట్లో వాడే ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాను దాటుతుంది కాబట్టి అక్కడ రవ్వ తనంతట తానే ఆరిపోతుంది, డీసీకి ఆ సౌకర్యం లేదు. నా మొదటి బండిలో ఒక ఎలక్ట్రీషియను నేరుగా ఇచ్చిన స్విచ్ కరిగి, వెనక తొడుగు జిగురులా కారి, రెండు తీగలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ వాసన ఇప్పటికీ మరిచిపోలేదు.

పదేళ్ల అనుభవం
స్విచ్ కరిగింది కరెంటు ఎక్కువై కాదు, లగ్ వదులై ఉంటుంది. పట్టకారుతో నొక్కి వదిలేసిన లగ్ అయితే 3 ఆంపియర్లకు కూడా కాలుతుంది. వదులుగా బిగించిన మనిషి తప్పును స్విచ్ మీద వేస్తున్నారు. మీరు 240 వాట్లు అని మొదలుపెట్టిన మాటను ఇప్పటికైనా వెనక్కి తీసుకుంటారా?

ఐదుకాళ్ల రిలే
తీసుకోను. అసలు వాడకం తెలియనప్పుడు పెట్టె మీద అంకెకే లెక్క కట్టడం జాగ్రత్త. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, 15 ఆంపియర్ల ఫ్యూజ్. ఫ్యూజ్ ఉన్నది బార్‌ను కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి.

బ్యాటరీమామ
కొత్తలారీ గారూ, సంచిలోని రిలే మీద ఎన్ని వోల్టులని ఉందో ముందు చూడండి.

కొత్తలారీ
చూశాను, 12 వోల్టులు అని ఉంది. బార్ 30 వోల్టుల దాకా తట్టుకుంటుంది కాబట్టి రిలే కూడా తట్టుకుంటుందని అనుకున్నాను.

బ్యాటరీమామ
తట్టుకోదు. వోల్టేజి రెట్టింపైతే రిలే లోపలి తీగచుట్టలో, అంటే కాయిల్‌లో వేడి నాలుగు రెట్లు అవుతుంది. 24 వోల్టుల రిలే తెచ్చుకోండి. బండిలోని రెండు 12 వోల్టుల బ్యాటరీలలో ఒకదాని నుంచి 12 వోల్టులు లాగుదామనే ఆలోచన మాత్రం చేయకండి, ఒకటి ఎప్పుడూ ఆకలితో, ఇంకొకటి అజీర్తితో రెండూ పాడవుతాయి.

ఎదురుబండి
ఇంతమంది ఇంతసేపు ఆంపియర్ల గురించి కొట్టుకుంటున్నారు కానీ, ఆ సన్న తీగకు కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలో ఒక్కరూ చెప్పలేదు. హైబీమ్ తీగ నుంచి తీసుకోవాలి. డ్రైవరు డిప్ చేయగానే బార్ కూడా ఆరిపోవాలి.

పదేళ్ల అనుభవం
ఈ సలహా ఎవరైనా ఇస్తారేమోనని మొదటి నుంచీ ఎదురుచూస్తూనే ఉన్నాను. నా లైటు, నా స్విచ్, నా వేలు. ఎప్పుడు ఆర్పాలో నాకు తెలుసు.

ఎదురుబండి
మీకు తెలిసి ఉండవచ్చు. ఒక రాత్రి నా ఎదురుగా వచ్చిన ఆయనకు తెలియలేదు. నేను డిప్ చేశాను, ఆయనా చేశారు, హెడ్‌లైట్లు దిగడం స్పష్టంగా కనిపించింది. వాటి పైనున్న బార్ మాత్రం అలాగే ఉంది. ఆయన దృష్టిలో ఆయన మర్యాద పాటించారు, చేయి ఇంకో స్విచ్ దాకా వెళ్లలేదు, అంతే. నాకు తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడలేదు. ఎడమ టైర్లు తారు దిగి మట్టిలో పడ్డాయి. బండి నిలబెట్టాక కూడా కళ్ల ముందు ఊదారంగు మచ్చలు తిరుగుతూనే ఉన్నాయి. రెండు మీటలు నొక్కవలసి వచ్చినప్పుడు అలసిన మనిషి ఒకటే నొక్కుతాడు. అతను చెడ్డవాడని నేను అనడం లేదు.

పదేళ్ల అనుభవం
నా సంగతి కూడా వినండి. ఈ బండికి మొదట బార్ బిగించిన మనిషి నాకు చెప్పకుండా రిలే కాయిల్‌ను హైబీమ్‌కు కట్టాడు. ఒకవైపు బండరాయి, ఒకవైపు లోయ ఉన్న క్వారీ మట్టిదారిలో, నిండు లోడుతో దిగుతుండగా హైబీమ్ ఫ్యూజ్ పోయింది. దానితో పాటే బార్ కూడా పోయింది. లోబీమ్ వెలుగులో మలుపు ఎక్కడుందో కనబడక, దారి పొడవునా క్లీనరును ముందు నడిపిస్తూ దిగాను. ఇంకోసారి ఆగిపోయిన తోటి బండికి వెలుగు చూపుదామని తాళం తీసి స్విచ్ వేస్తే బార్ వెలగనే లేదు. ఆ రోజే రిలే పీకి పారేసి నేరుగా కలుపుకున్నాను.

ఐదుకాళ్ల రిలే
అంటే ఇంతసేపు మీ కోపం రిలే మీద కాదన్నమాట! కాయిల్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్నది ఒక ప్రశ్న, బార్ కరెంటును ఎవరు మోస్తారన్నది ఇంకో ప్రశ్న. రెండూ ఒకే డబ్బాలో ఉన్నందుకు డబ్బానే బయట పడేశారు. ఇది మొదటే చెప్పి ఉంటే మనకు ఆ 240 వాట్ల తగవే ఉండేది కాదు.

పదేళ్ల అనుభవం
140 వాట్లు.

ఐదుకాళ్ల రిలే
సరే, 140. మధ్యలో ఆగే మూడు స్థానాల స్విచ్ దొరుకుతుంది. మధ్య కాలిని రిలే 86కు ఇవ్వండి. పై కాలికి హైబీమ్ నుంచి, కింది కాలికి బ్యాటరీ నుంచి 3 ఆంపియర్ల చిన్న ఫ్యూజ్‌తో సన్న తీగలు తెచ్చుకోండి. పైకి నొక్కితే బార్ హైబీమ్‌తో పాటు వెలిగి దానితోనే ఆరుతుంది. కిందికి నొక్కితే తాళం తీసినా వెలుగుతుంది, పని చోట వాడుకోవచ్చు. కొత్త బండ్లలో హైబీమ్‌కు కరెంటు నిలకడగా కాక, కంప్యూటరు నుంచి తునకలు తునకలుగా రావచ్చు. అప్పుడు రిలే టకటకమని కొట్టుకుంటుంది. అందుకే తీగ తొడుగు కోసే ముందే ఈ సంగతి కనుక్కోవాలి. కింది వైపు వేసి మరిచిపోతే 5 ఆంపియర్ల చొప్పున 8 గంటల్లో బ్యాటరీ నుంచి 40 ఆంపియర్-అవర్ల ఛార్జి పోతుంది, తెల్లవారి స్టార్టరు తిరగకపోతే నన్ను తిట్టవద్దు.

ఎదురుబండి
కింది స్థానం ఉన్నంతకాలం రోడ్డు మీద కూడా అదే వాడతారు. పై స్థానం అలంకారానికి మిగులుతుంది. పని వెలుగే కావాలంటే దానికి వేరే చిన్న దీపం పెట్టుకోవచ్చు.

కొత్తలారీ
అందరికీ ధన్యవాదాలు. 24 వోల్టుల రిలే, మూడు స్థానాల స్విచ్ తెచ్చి ఈ రోజే బిగించాను. ఇంజను తిరుగుతుండగా బార్ 6 ఆంపియర్లు తీసుకుంటోంది, ఇద్దరిలో ఎవరూ గెలిచినట్టు కాదు. బార్ ఎర్త్ మొదట రంగు మీదే బిగించాను, మిణుకు మిణుకుమంది. బోల్టు కింద ఇనుము మెరిసేదాకా గీకాక సరిపోయింది. డిప్ చేయగానే బార్ ఆరిపోతోంది.

ఎదురుబండి
సంతోషం. ఒక ఏడాది తర్వాత ఆ స్విచ్ ఏ వైపు ఎక్కువ అరిగిందో ఫోటో పెట్టండి.

పదేళ్ల అనుభవం
నా బండిలో అయితే కింది వైపే అరుగుతుంది. అందులో దాచేదేమీ లేదు.