‘ట్విలైట్’ బెల్లా నిజంగా బలహీనమైన పాత్రేనా?

నీలాంబరి:
స్టెఫనీ మెయర్ నవల ‘ట్విలైట్’ (2005) మాటొస్తే చాలు, కథానాయిక బెల్లాకు వ్యక్తిత్వం లేదు, రక్తపిశాచి ఎడ్వర్డ్‌తో ఆమె ప్రేమ నమ్మేలా లేదు అంటారు. ఈ రెండూ వేరువేరు ఫిర్యాదులు. మొదటిది నేనొప్పుకోను. అమ్మ ప్రాణం మీదికొచ్చిందనుకుని, కాపలావాళ్ళ కన్నుగప్పి ఫీనిక్స్‌లో బ్యాలే స్టూడియోకి ఒంటరిగా వెళ్ళిన పిల్ల ఆమె. రెండోది మాత్రం నిజం. లోపమంతా వరసలో ఉంది. తొమ్మిదో అధ్యాయం చివరికే తిరుగులేని ప్రేమలో పడ్డానంటుంది. నీకేం ఇష్టం, ఏ పాటలు వింటావు అని అతను తీరిగ్గా అడిగేది పదకొండులో. పెళ్ళయ్యాక పెళ్ళిచూపులు పెట్టినట్టుంది.

కొత్తచిగురు:
నీలాంబరి గారూ, అంతకుముందే అడిగాడు. రక్తం గ్రూపు పరీక్ష రోజు (5వ అధ్యాయం) ఇంటికి దింపుతూ వాళ్ళమ్మ ఎలాంటిదని అడిగాడుగా. ఇక పదకొండులో ఇష్టమైన రంగు అడిగితే ఆమె చెప్పేది మట్టిరంగు. చెట్ల మానులు, రాళ్ళు, నేల, ఆ రంగులో ఉండాల్సినవన్నీ ఆమె కొత్తగా వచ్చిన ఊరు ఫోర్క్స్‌లో పచ్చదనం కింద కప్పబడిపోయాయట. ఊరు మారిన బెంగంతా ఆ జవాబులో ఉంది. వ్యక్తిత్వం లేని పాత్ర నోట ఆ మాట రాదు.

రాతిగోడ:
ఆ ప్రశ్నల్లోనే ఇంకోటి వదిలేశారు. ఇష్టమైన రాయి? టోపజ్ (తేనెరంగు రాయి) అనేస్తుంది. మొన్నటిదాకా గార్నెట్ (ఎర్రరాయి). అతని కళ్ళ రంగు చూసి మారిపోయింది. రంగు తనది, రాయి అతనిది. దీని తర్వాతి నవల ‘న్యూ మూన్’ (2006)లో ఇది ముదిరింది. అతను వెళ్ళిపోయాక అక్టోబర్ నుంచి జనవరి దాకా నెలల పేర్లే, పేజీలు ఖాళీ. దుఃఖం చూపడానికి గొప్ప పద్ధతే. కానీ ఆమెను మళ్ళీ లేపి నిలబెట్టే సొంత ఆశయం ఏదీ ముందు నుంచీ నాటలేదు.
అతని వైపు చూసినా అంతే. 1918 నుంచి పదిహేడేళ్ళ దగ్గరే ఆగిపోయినవాణ్ణి మొదట లాగినవి ఆమె రక్తం వాసన, అందరి మనసులూ వినగల అతనికి ఆమె మనసు మాత్రం వినపడకపోవడం. రెండూ పుట్టుకతో వచ్చినవి, ఆమె చేసినవి కావు.

నీలాంబరి:
రాతిగోడ గారి చివరి మాటే అసలు కిటుకు. 2015లో మెయర్ అబ్బాయిని మనిషిగా, అమ్మాయిని రక్తపిశాచిగా పెట్టి ఇదే కథ తిరగరాశారు. ఆపదలో పడింది ఆడపిల్ల కాబట్టి కాదు, మామూలు మనిషి కాబట్టి అని చూపడానికి. ఆ వాదన నిలిచింది. వరస మారలేదు కాబట్టి ప్రేమ అక్కడా తొందరపాటే.
ఇలాంటి కథ రాసేవాళ్ళు చిత్తుప్రతిలో అందం వర్ణించిన వాక్యాలు, కాపాడిన సన్నివేశాలు పెన్సిల్‌తో కొట్టేసి చూడండి. మిగిలినదాంట్లో ఒకరి మాటకు ఇంకొకరి నిర్ణయం మారిన చోటు ఒక్కటైనా ఉండాలి. లేదంటే ప్రేమ ఒప్పుకోక ముందే రెండు సన్నివేశాలు చేర్చాలి. వాటిలో ప్రాణాపాయం ఉండకూడదు, ఇద్దరికీ ఏదో ఒక మామూలు విషయంలో పొసగకూడదు.

కొత్తచిగురు:
సన్నివేశాలు చేర్చడం బాగుంది. కొట్టేయడం మాత్రం వద్దండీ. వ్యాన్ కింద పడబోయిన బెల్లాను ఎడ్వర్డ్ కాపాడిన ఘట్టం కొట్టేస్తే ఆ తర్వాత ఆసుపత్రిలో బెల్లా అతన్ని నిలదీయడం కూడా పోతుంది. అంత దూరం నుంచి ఎలా వచ్చావో చెప్పమని పట్టుబడుతుంది, అతను బుకాయించినా వదలదు. కాపాడటం ఉంచండి, దాని వెనకాల ఆ నిలదీత రెండింతలు రాయండి.